అసిరమ్మ తుంటిలో ఇనుము

ఆసుపత్రికి బయల్దేరిన రోజు పొద్దున అసిరమ్మ పెయ్యకి పలుపు పేనింది.

మొగుడు సూరయ్య ఎడ్లను తోలుకొచ్చి బండి కట్టేలోగా ఆమె అరుగు మీద ఎడమకాలు చాపుకుని, గోగునార పాయలు రెండు తొడ మీద వేసి, అరచేత్తో దొర్లిస్తూ కూర్చుంది. ఇరవై ఏళ్ళకు పైగా ఆ పని కుడి తొడ మీద చేసిన మనిషి. కుడి తుంటి విరిగాక ఎడమకి మార్చింది. కాలు మారింది, చెయ్యి మారింది, దాంతో తాడు పురి కూడా తిరగబడింది. ఆడపడుచు జగ్గమ్మ పక్కింటి అరుగు మీంచి అది చూసి నవ్వింది.

"ఏటే వదినా ఆ ఎదురు పురి? పెయ్యని కట్టడానికేటి, ఇప్పడానికేటి?"

"నీ మొగుడ్ని కట్టడానికి. సీకటి పడినా ఇల్లు సేరడు గదా ఆడు" అంది అసిరమ్మ. నిప్పు లోపలికి పెట్టుకుని కాల్చే అడ్డపొగ చుట్ట ఆమె నోట్లోనే ఉంది. దాన్ని తియ్యకుండానే మాట్లాడగలదు, తిట్టగలదు, నవ్వగలదు.

రెండో కూతురు నీలవేణి లోపల ట్రంకు పెట్టె సర్దుతూ ఆ నవ్వు విన్నది. పలుపు చివర ముడి వేసి, దాన్ని పెయ్య మెడకు కట్టించి, అప్పుడు లేచింది అసిరమ్మ. ఇద్దరు పట్టుకుని లేపితే లేచింది. అది వెయ్యిన్ని తొమ్మిది వందల అరవై ఎనిమిది, ఏప్రిల్ నెల.

వాళ్ళ ఊరు గజపతినగరానికి నాలుగు మైళ్ళు. అసిరమ్మ పుట్టింది మాత్రం భోగాపురం వైపు ఇసుక నేలల్లో. పెళ్ళయి వచ్చేనాటికి ఆమెకి గోగు పని తెలియదు. రెండేళ్ళు తిరక్కుండా ఊళ్ళో ఆమెలా నార తీసేవాళ్ళు లేకపోయారు. వానలు వెనకబట్టాక గోగు కోసి, కట్టలు కట్టి, ఊరి పడమట ఉన్న నీటి మడుగులో ముంచి, పైన మట్టిపెళ్ళలు బరువు పెడతారు. ఆ మడుగుని ఊరంతా బంద అంటారు. మూడు వారాలకి కట్టలు కుళ్ళి, నీళ్ళు నల్లబడి, ఆ కంపు ఊరంతా పట్టుకుంటుంది. అప్పుడు నడుంలోతు నీళ్ళలో దిగి, పుల్ల విరిచి, నార ఒలిచి, జాడించి గట్టు మీదికి విసరాలి. అసిరమ్మ విసిరిన నార ఎండకి తెల్లగా మెరిసేది. గజపతినగరం సంతలో మోపు విప్పకుండానే "ఇది సూరయ్య పెళ్ళాం సెయ్యి" అనేవారు.

ఆ బందలోనే ఆమె పెద్దకూతురు బుల్లమ్మ పోయింది. తొమ్మిదేళ్ళ పిల్ల. ముంచిన కట్టల మీద గెంతుతూ ఆడుకుంటూ రెండు కట్టల మధ్యకు జారింది. కట్టలు మళ్ళీ దగ్గరకు చేరుకున్నాయి. వెతకడానికి ఒక మధ్యాహ్నమంతా పట్టింది. నీలవేణికి అప్పుడు ఆరేళ్ళు. ఆ రోజుది ఆమెకు గుర్తున్నది ఒక్కటే. గట్టు మీద పడుకోబెట్టిన అక్క జడలోంచి నీళ్ళు కారడం, ఎంతసేపటికీ ఆగకపోవడం.

ఆ ఇళ్ళలో అలా పోయిన ఆడపిల్లని పేరంటాలుగా నిలుపుకుంటారు. ఏటా కొత్తమాసకి, అంటే ఉగాది ముందటి అమావాస్యకి, వంటింటి మూల గోడకు పసుపు రాసి, కొత్త పరికిణీ, గాజులు, బెల్లం ముక్క పెట్టి పిలిచేవారు. బుల్లమ్మ తల్లి మీదికి వచ్చేది.

అరుపులు, ఊగడాలు ఉండేవి కావు. అసిరమ్మ మోకాళ్ళు ముడుచుకుని చిన్నదైపోయేది. గొంతు సన్నబడేది.

"అయ్యా, నీల్లు సల్లగున్నాయి."

సూరయ్య తలపాగా తీసి, చేతులు కట్టుకుని నిలబడేవాడు. "ఏటి కావాలమ్మా?"

"జడెయ్యమను."

అంతే. ఆ తరవాత అసిరమ్మ తన గొంతుతోనే ఏడుస్తూ, ఒళ్ళో ఎవరో వెనుదిరిగి కూర్చున్నట్టు, ఏమీ లేనిచోట మూడు పాయలు తీసి జడ అల్లేది. అల్లి, చివర ముడి వేసి, నిమిరి వదిలేది. నీలవేణి ట్రైనింగు స్కూల్లో చదువుకునే రోజుల్లో ఇదంతా అమ్మ మనసులోని బాధేనని తనకు తాను చెప్పుకుంది. కానీ అల్లడం అయిపోయాక అమ్మ వేళ్ళ వైపు చూడకుండా ఉండలేకపోయేది. ఆ వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉండేవి, చాలాసేపు నీళ్ళలో నానినట్టు.

అరవై ఆరు అక్టోబరులో నార మోపు ఎత్తుకుని బంద గట్టు ఎక్కుతూ అసిరమ్మ జారిపడింది. లేవలేకపోయింది. సూరయ్య ఆమెను పట్నంలో సముద్రం ఒడ్డున ఉన్న ఒక మిషను ఆసుపత్రికి తీసుకుపోయాడు. అక్కడ ఎముకల డాక్టరు నరసింగరావుగారు విరిగిన తొడ ఎముక తలను తీసేసి, దాని చోట లోహపు గుండు అమర్చారు. గుండు కింద ఒక కాడ ఉంటుంది. అది ఎముక గొట్టంలోకి దిగి కూర్చుంటుంది. నెల తిరిగేసరికి అసిరమ్మ కర్ర పట్టుకుని నడిచింది. మూడో నెలకి కర్ర పారేసింది. ఊరి ఆడవాళ్ళు వచ్చి ఆమె తుంటి నొక్కి చూసి, చెవి ఆనించి విని వెళ్ళేవారు. "మాయావిడికి ఇనప గుండెట్టారు, మరి అరగదు" అని సూరయ్య సంతలో అందరికీ చెప్పుకున్నాడు.

ఆ ఏడు కొత్తమాసకి పసుపు రాశారు, బెల్లం పెట్టారు, పిలిచారు. అసిరమ్మ గోడ ముందు కూర్చుంది. పొద్దెక్కింది. బెల్లానికి చీమలు పట్టాయి. ఆమె ఆమెగానే ఉండిపోయింది.

కారణం జగ్గమ్మే చెప్పింది, చాటలో బియ్యం ఏరుకుంటూ, ఏదో కూర సంగతి చెప్పినట్టు.

"ఒంట్లో ఇనుమెట్టుకుని కూకుంటే ఆ బుల్లమ్మ గుంటెలాగొస్తాదే? బాలింతరాలి మంచం కింద కత్తెందుకెడతాం మరి? సచ్చినోల్లు దగ్గరకి రాకుండానే గదా. నీకు ఒంట్లోనే ఎట్టేసినారు."

ఆ రోజునుంచి అసిరమ్మ కుడి తుంటి మీద చెయ్యి వేసుకుని కూర్చోవడం మొదలుపెట్టింది. లోపల ఉన్నది ఎవరో ఆమెకి చెప్పకుండా తెచ్చి కాపలా పెట్టిన మనిషి అయినట్టు.

ఆ శరదృతువులో ఎవరు వద్దన్నా వినకుండా బందలోకి దిగింది. ఇరవై రోజులు ఆ నల్లనీళ్ళలో నిలబడింది. కాలివేళ్ళ మధ్య ఒరిసి పుళ్ళు పడ్డాయి. అవి ఎప్పుడూ పడేవే, పసుపు రాస్తే మానేవే. ఆ ఏడు కూడా మానాయి.

మార్చిలో ఇంట్లో కంపు మొదలైంది.

నీలవేణి ముందు వంటింట్లో గమనించింది. తరవాత అమ్మ పడుకునే వసారాలో. ఎలకేదైనా చచ్చిందేమోనని గాదె కింద వెతికింది. ఎలక కంపు కాదు. ఆమెకి బాగా తెలిసిన కంపు. గోగు కట్టలు ఊరిన నీళ్ళ కంపు. బయటికి వచ్చి పడమటికి చూసింది. బంద ఎండి, అడుగు నెర్రెలు విచ్చి ఉంది. ఊళ్ళో ఎక్కడా గోగు పుల్ల లేదు. గుమ్మం దాటి లోపలికి అడుగు పెడితే మాత్రం అక్టోబరు నెల.

"అమ్మా, ఈ కంపేటి?"

"నీకూ వస్తన్నాదా?" అసిరమ్మ ముఖం విప్పారింది. "నాకే అనుకున్నాను. అది దగ్గరకొచ్చిందే. గుమ్మం కాడికొచ్చి నిలబడతన్నాది. నోపలికి రాలేకపోతన్నాది."

ఒక్క క్షణం నీలవేణి గుమ్మం వైపు చూడలేకపోయింది. తరవాత తల్లి దగ్గరకు వెళ్ళి, ఒత్తిగిలి పడుకోబెట్టి, చీర పక్కకు తీసి చూసింది. పాత కోత మచ్చ చివర వేలు దూరేంత రంధ్రం. అందులో వేపనూనె ముంచిన నార వత్తి. ఆ వత్తి లాగగానే చీము కారింది. గదంతా గోగు కంపు.

"ఎన్నాల్లనించే ఇది?"

"దీపాలమాసకానించి." దీపావళి అయి అప్పటికి అయిదు నెలలు.

"అయ్యకి సెప్పలేదేం?"

"సెప్తే మాన్పించేస్తారు" అంది అసిరమ్మ. "ఒల్లు దాన్ని బయటికి తోసేస్తన్నాది నీలవేణీ. తోసెయ్యనీ."

ఏప్రిల్లో, ఆ పలుపు పేనిన పొద్దున, మళ్ళీ పట్నం. నరసింగరావుగారు ఎక్స్‌రే ఫిల్మును కిటికీ వెలుగుకి పట్టి చూపించారు. తెల్లగా గట్టిగా కనబడుతున్నది గుండు. దాని చుట్టూ ఎముక ఉండవలసిన చోట నల్లటి మచ్చలు, చెద తిన్న దూలంలా. కాడ తొడ ఎముకలో వదులై ఒక పక్కకి ఒరిగి ఉంది.

"కాలి పుళ్ళలోంచి రక్తంలో కలిసి అక్కడికి చేరి ఉంటుంది చీము" అన్నారాయన. "లోహం మీద చీము పట్టిందంటే మందులకి లొంగదు. ఎముక చాలావరకు పోయింది. కొత్తది పెడదామన్నా ఆనడానికి చోటు లేదు. దీన్ని తీసేసి, చచ్చిన ఎముకంతా గీకేసి, అక్కడ ఖాళీగా వదిలెయ్యాలి. ఆ ఖాళీలో కండ గట్టిపడుతుంది. కాలు మూడంగుళాలు పొట్టవుతుంది. కర్రతో, ఎత్తు చెప్పుతో నడుస్తుంది. చెయ్యకపోతే చీము రక్తానికెక్కి ప్రాణం పోతుంది. చేసినా భయం లేదని చెప్పను."

సూరయ్య తలపాగాతో కళ్ళు ఒత్తుకున్నాడు. అసిరమ్మ మాత్రం మంచం మీద మోచేతుల మీద లేచింది.

"బాబూ, ఖాలీగానే ఒగ్గేస్తారా? అందులో మరేటీ ఎట్టరు గదా?"

"ఏమీ పెట్టనమ్మా."

"అయితే బేగి తీసీండి" అంది. "తీసింది మా గుంట సేతికియ్యండి. ఈ గదిలో ఉండకూడదది."

కాలు పొట్టవుతుందంటే అంత సంతోషపడిన రోగిని తాను చూడలేదని డాక్టరుగారు నర్సుతో అనడం నీలవేణి విన్నది. ఆమెకి నవ్వు రాలేదు. అమ్మకి కావలసింది కాలు కాదు, ఆ ఖాళీ. ఆ సంగతి తెలిసినది ఆ గదిలో నీలవేణికొక్కదానికే.

ఆపరేషను మూడు గంటలు పట్టింది. సాయంత్రం నర్సు గాజుగుడ్డలో చుట్టి తెచ్చి ఇచ్చింది. కడిగి శుభ్రం చేశారు. కోడిగుడ్డంత గుండు, దాని కింద కత్తి మొనలా సన్నబడిన కాడ, కాడకి కిటికీల్లా రెండు కన్నాలు. అనుకున్నదానికన్నా బరువు. నీలవేణి దాన్ని వరండాలో వెలుగులో తిప్పి చూసింది. ఏడాదిన్నర ఒంట్లో, అందులో ఆరు నెలలు చీములో ఉన్నా ఎక్కడా తుప్పు మచ్చ లేదు. చూసింది గానీ దాని గురించి ఆలోచించలేదు.

"పారేసినావా?" అని అసిరమ్మ మత్తు వదలగానే అడిగింది.

"సముద్రంలో పారేసినానమ్మా."

పారెయ్యలేదు. ఇసుక దాకా వెళ్ళింది. కెరటాల అంచున నిలబడింది. అమ్మ ఒంట్లో ఇప్పుడు చెయ్యి పట్టేంత ఖాళీ ఉంది. దాన్ని కాపలా కాసింది తన చేతిలో ఉంది. ఇదీ పోతే, చల్లటి నీళ్ళలోంచి వచ్చే తొమ్మిదేళ్ళ పిల్లకి అడ్డమేమీ లేదు. వచ్చినది ఊరికే వెళ్తుందా? ట్రైనింగు పాసయిన నీలవేణి, పిల్లలకి దెయ్యాలు లేవని పాఠం చెప్పవలసిన నీలవేణి, ఆ గుడ్డమూటని కొంగున దాచుకుని వెనక్కి వచ్చి, అమ్మ పరుపు కింద, నడుముకి సూటిగా పెట్టింది.

అమ్మ బతకాలి. దానికోసం అక్కని గుమ్మం బయటే ఉంచడానికి ఆమె సిద్ధపడింది.

అయిదు వారాలు గడిచాయి. కాలికి పట్టీలు చుట్టి, మంచం చివర కప్పీ మీదుగా తాడు వేసి, ఇసుక సంచి వేలాడదీశారు. గాయంలోకి ఒక గొట్టంలోంచి మందునీళ్ళు పోయడం, ఇంకో గొట్టంలోంచి తీయడం. పూటపూటా సూదులు. మొదటి వారం జ్వరం, రెండో వారానికి తగ్గింది. చీము పల్చబడింది. అసిరమ్మకి నోరు వచ్చింది.

"ఈ తాడు పేనినోడెవుడే? పురి సూడు, వొదులు. మీ అయ్యని రమ్మను, నార అట్టుకొచ్చి ఇస్తే నానే పేనిస్తాను. నా కాలు నా తాడుతోనే లాగండి."

"అడ్డపొగ ఒకటియ్యవే" అని నర్సుని కూడా అడిగేది. నర్సు కళ్ళెర్రజేస్తే, "నిప్పు నోట్లో ఉంటాది గదా, నీ దుప్పటికేటవుతాదే" అనేది. వార్డంతా నవ్వేది.

కానీ రోజూ మధ్యాహ్నం, అన్నాల గంట కొట్టి వార్డు సద్దుమణిగిన వేళ, ఆమె నవ్వు ఆగిపోయేది. గుమ్మం వైపు తల తిప్పి పడుకునేది. నీలవేణి అటు చూస్తే ఎండ పడిన వరండా తప్ప ఏమీ ఉండేది కాదు.

"ఇంకా రాలేదే" అనేది అసిరమ్మ. కాసేపటికి మళ్ళీ, "నువ్వు పారేసినావు గదా?"

"పారేసినానన్నాను గదమ్మా."

"కెరటం తిరిగి ఒడ్డుకి తెచ్చిందేమోనే. దూరంగా ఇసిరినావా?"

"ఇసిరినాను."

ప్రతిసారీ పరుపు కింద ఆ గుండు తన వీపుకే గుచ్చుకున్నట్టుండేది నీలవేణికి. ఒకటి రెండుసార్లు తీసేద్దామనుకుంది. అప్పుడే డాక్టరుగారు వచ్చి గాయం చూసి "బాగుంది" అనేవారు. బాగుందంటే పని చేస్తున్నట్టే కదా. అలాగే ఉంచేసింది.

ముప్పై ఏడో రోజు. మే నెల, మిట్టమధ్యాహ్నం. ఫ్యాను కూడా తిరగడం లేదు. అసిరమ్మ చాలా మామూలుగా పిలిచింది.

"నీలవేణీ, తువ్వాలియ్యి. దీని జడ తడిగుండిపోనాది."

నీలవేణి గుమ్మం వైపు చూడలేదు. మంచం వైపు చూసింది. తల్లి ముఖంలో చెమట లేదు, జ్వరం వెలుగు లేదు. ఏదో పని తొందరలో ఉన్న ముఖం. తువ్వాలు ఇచ్చింది. అసిరమ్మ దాన్ని తన పొట్ట మీద పరిచి, ఒత్తి ఒత్తి తుడిచింది. తరవాత మూడు పాయలు తీసింది. అల్లుతూ అల్లుతూ, చివరికి రాగానే ఆగి, ఊపిరి అందక నోరు తెరిచింది.

"అమ్మా!"

నర్సు పరుగెత్తుకొచ్చింది. డాక్టరుగారు వచ్చారు. కాలి రక్తనాళంలో గడ్డకట్టిన రక్తం ఊపిరితిత్తికి పోయి అడ్డుపడిందని తరవాత చెప్పారు. కాలు కదలకుండా అన్ని వారాలు పడుకున్నవాళ్ళకి ఒక్కోసారి అలా అవుతుందట, చేసేది ఏమీ ఉండదట. పావుగంటలో అయిపోయింది. ఆ పావుగంటా అసిరమ్మ కుడిచేతి వేళ్ళు మూడు, ఏదో చివరను జారనివ్వకుండా పట్టుకున్నట్టే ఉన్నాయి. వేళ్ళ కొసలు తెల్లగా ముడతలు పడి ఉన్నాయి.

నీలవేణి తువ్వాలు తీసింది. అది తడిగా ఉంది. మందునీళ్ళ గొట్టం కారి ఉంటుందని నర్సు చెప్పింది. కావచ్చు. ఆ తడి మందు వాసన వెయ్యలేదు.

మంచం ఖాళీ చేసేటప్పుడు పరుపు ఎత్తి చూసింది. గుడ్డమూట పెట్టిన చోటే ఉంది.

అదే ఆమెకు ఆధారమైంది, అదే ఆమెను తినేసింది కూడా. ఇనుము అక్కడే ఉంది కాబట్టి అక్క రాలేదు, అమ్మని తీసుకుపోలేదు. అమ్మ చూసింది ఏదో చివరి భ్రమ. అమ్మ ఏడాదికి పైగా ఎదురుచూసిన పిల్లని, ఒంట్లోంచి ఎముక పోగొట్టుకుని మరీ చోటు చేసి పెట్టుకున్న పిల్లని, తాను అబద్ధమాడి గుమ్మం బయటే నిలబెట్టింది. అమ్మ ఒట్టి గాలికి జడ వేస్తూ పోయింది. ఆ మాట ఆమె ఎవరికీ చెప్పలేదు, తండ్రికి కూడా. పెయ్య పెరిగి ఆవు అయింది. ఎదురు పురి పలుపు నాలుగేళ్ళు తెగలేదు. ప్రతి కొత్తమాసకి మూల గోడకు పసుపు రాసి, ఇప్పుడు రెండు బెల్లం ముక్కలు పెట్టేవారు. ఎవరి మీదికీ ఎవరూ రాలేదు. మూట నీలవేణి ట్రంకు పెట్టె అడుగునే ఉండిపోయింది.

పదకొండేళ్ళ తరవాత ఆమె గజపతినగరం హైస్కూల్లో తెలుగు చెబుతున్నప్పుడు, పై తరగతులకి సైన్సు చెప్పే నగరేశ్వరరావు మాస్టారు పాఠానికి రకరకాల లోహపు వస్తువులు కావాలని టీచర్లందరినీ అడిగారు. ఆమె ఏమనుకుందో, ఆ మూట తీసుకెళ్ళి బల్ల మీద పెట్టింది. ఆయన గుర్రపునాడా అయస్కాంతాన్ని దగ్గరగా తెచ్చారు. మేకు అంటుకుంది, గుండుసూదులు అంటుకున్నాయి, కొడవలి ముక్క అంటుకుంది. గుండు కదలలేదు. కొన్ని రకాల ఉక్కు కూడా అంటుకోదు కాబట్టి అది చాలదని, కాడ మీద చెక్కిన అక్షరాలు కాగితం మీద రాసుకుని, పట్నంలో ఎముకల డాక్టరు దగ్గర పనిచేసే తన తమ్ముడికి ఉత్తరం రాశారు. వారానికి కార్డు వచ్చింది. స్టాఫు రూములో కళ్ళజోడు సర్దుకుని చదివి వినిపించారు. అది కోబాల్టు, క్రోమియం కలిపి పోత పోసినది. అందులో ఇనుము లేదు.